పదకొండున్నరకి మోగిన సైరను

సి.ఐ. సురేష్‌బాబు పెన్‌డ్రైవు కంప్యూటరుకి గుచ్చి, కుర్చీ వెనక్కి వాల్చి, కాలు మీద కాలేసుకున్నాడు. కేసు తేలిపోయిందనుకున్న మనిషి ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నాడు.

“మొత్తం ముప్పై క్లిప్పులున్నాయి మేడమ్. అన్నీ చూస్తారా, అసలు సరుకున్న రెండూ చూపించమంటారా?”

“అన్నీ చూస్తానండి,” అంది కృపారాణి.

“సాయంత్రం ఐదింటికి విజయ్ పాల్‌ని మేజిస్ట్రేటు గారి ముందు నిలబెట్టాలి. మీకు తీరికుంది గానీ నాకు లేదు.”

“మీరు నాతో కూర్చోనక్కర్లేదు. చెవులకి పెట్టుకునే ఆ హెడ్‌ఫోన్లు ఇప్పించండి, చాలు.”

కృపారాణిది రాజమండ్రి. పదహారేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, పై అధికారితో మాటా మాటా వచ్చి మానేసి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఎదుటి మనిషి అబద్ధమాడితే గొంతు కదలిక చూసి చెప్పేస్తుంది గానీ, మెషీన్ల దగ్గరికొచ్చేసరికి ఆవిడ తెలివి అటకెక్కి కూర్చుంటుంది. ఇంట్లో టీవీ రిమోటు కూడా ఒక్కసారికి సరిగా నొక్కదు. అలాంటిది ఈ కేసు మొత్తం ఓ వీడియో కెమెరా మీద నడుస్తోంది. ఏం ఖర్మరా బాబూ అనుకుంటూనే వచ్చింది.

రాకుండా ఉండలేకపోయింది కూడా. బయట వరండాలో బెంచీ మీద విజయ్ పాల్ భార్య దీవెన కూర్చునుంది. ఆ పిల్లకిప్పుడు ఏడో నెల. నిన్న సాయంత్రం మొగుణ్ణి జీపెక్కించిన దగ్గర్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. “ఆయన అబద్ధం చెప్పరండి,” అన్న మాట ఒక్కటే పొద్దుటి నుంచి పదిసార్లు చెప్పింది.

జరిగింది ఇదీ. మూడు రోజుల కిందట, బుధవారం నాడు, ఈ ఊళ్ళో సూర్యకళ గారింట్లో పెళ్ళి. ఆవిడ భర్త పోయి ఎనిమిది నెలలైంది. ఏడాది తిరక్కుండా కూతురి కన్యాదానం జరిగిపోవాలని, యాభై మందిని పిలుచుకుని, ఇంటి ముంగిట్లోనే పందిరేసి కానిచ్చేశారు. తండ్రి స్థానంలో పీటల మీద కూర్చున్నది పెళ్ళికూతురి బాబాయి ఉదయభాస్కర్. ఊరి చివర రొయ్యల చెరువులు ఆయనవే. వాటి మీద మోటార్లు చూసే మెకానిక్కు విజయ్ పాల్. చెరువులకి మేత అమ్మే భీమవరం వ్యాపారి శ్రీనివాసరాజు కూడా పెళ్ళికొచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆయన చెరువు గట్టు మీది మోటారు షెడ్డులో నెత్తురు మడుగులో దొరికాడు. తల మీద కొట్టారు, అదీ విజయ్ పాల్ స్పానరుతో. ముందుగా చూసి కేకలేసింది కూడా విజయ్ పాలే. ఇవాళ్టికీ రాజుగారు భీమవరం ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నారు.

దెబ్బ పడిన టైము మటుకు నిమిషంతో సహా తెలుసు. రాజుగారు అప్పుడు భార్యతో ఫోన్లో మాట్లాడుతున్నారు. మాట మధ్యలో కేక వినబడింది, ఫోను కట్టయింది. పన్నెండూ ఇరవై.

ఆ టైముకి తను పెళ్ళిపందిట్లో నిచ్చెనెక్కి ఫ్యాను బాగుచేస్తున్నానని విజయ్ పాల్ అంటాడు. ఎక్కబోయే ముందు ఫోన్లో టైము చూశానంటాడు. కాదంటోంది కెమెరా.

ఇంతలో బయట ఐసు ఫ్యాక్టరీ సైరను కూసింది. సన్నగా మొదలై, పైకి లేచి, చివర్లో దగ్గు తెరలా రెండుసార్లు తెగింది. సురేష్‌బాబు అలవాటు కొద్దీ చేతి గడియారం చూసుకుని ముల్లు సరిచేసుకున్నాడు.

“గొంతు పోయినా టైము తప్పదు. రోజుకి ఒక్కసారే, పన్నెండింటికి,” అని, మౌసు తన వైపు లాక్కుని ఇరవై మూడో క్లిప్పు తెరిచాడు.

పెళ్ళిపందిరి. పైన నిలబడిపోయిన ఫ్యాను. నిచ్చెన మీద విజయ్ పాల్, నోట్లో టెస్టరు. కింద ఎవరో ముసలాయన చొక్కా గుండీలు విప్పుకుని విసురుకుంటున్నాడు. అన్నీ ఎంత స్పష్టంగా ఉన్నాయంటే ముసలాయన చేతిలోని విసనకర్ర మీది బొమ్మలో మల్లెపూలు కూడా లెక్కపెట్టచ్చు.

“టైమేదండీ?”

“బొమ్మ మీద ఉండదు మేడమ్. తీసేటప్పుడే లోపల రాసి పెట్టుకుంటుంది. మనం అడిగితే చూపిస్తుంది.” చిన్నపిల్లకి అఆలు దిద్దబెడుతున్నట్టు చెప్పి, ఓ బటన్ నొక్కాడు. తెర అడుగున అంకెలు పడ్డాయి. పదకొండూ యాభై.

“ఫ్యాను తిరిగింది పదకొండూ యాభై ఎనిమిదికి. బండి మీద షెడ్డుకి పది నిమిషాలు. పన్నెండూ ఇరవైకి దెబ్బ. అంతకు ముందు రోజే మోటార్ల గురించి రాజుగారికీ వీడికీ వాదన జరిగింది. ఇంకేం కావాలి?”

“ఆ కెమెరా టైమే తప్పయితే?”

“నాకు ఆ మాత్రం తోచదనుకున్నారా?” సురేష్‌బాబు పదిహేనో క్లిప్పు తెరిచాడు. మేళం ఒక్కసారిగా హోరెత్తింది. పెళ్ళికొడుకు తాళి కడుతున్నాడు. అడుగున పదీ నలభై రెండు. పక్కన శుభలేఖ తీసి పెట్టాడు. ముహూర్తం పదీ నలభై రెండు. “పైగా ఎనిమిది మందిని విడివిడిగా అడిగాను. తాళి కట్టింది ముహూర్తానికేనన్నారు. ఆ తర్వాత గంటా అయిదు నిమిషాలకి ఫ్యాను ఆగిందన్నారు. కూడుకోండి.”

కృపారాణి నోటు పుస్తకంలో కూడింది. పదకొండూ నలభై ఏడు వచ్చింది. కొట్టేసి మళ్ళీ కూడింది. మళ్ళీ అదే వచ్చింది. ఎనిమిది మందీ ఒకే మాట, కెమెరాదీ అదే మాట. తప్పు చెబుతున్నవాడు విజయ్ పాల్ ఒక్కడే. కానీ పొద్దున్న లాకప్పు ఊచల దగ్గర అతని మొహం చూసింది కదా, అందులో అబద్ధం లేదు. ఆవిడ బుర్ర గిర్రున తిరిగింది.

“మరి ఉదయభాస్కర్ గారు ఆ టైములో ఎక్కడున్నారు?”

“ఇదిగో.” ఇరవై అయిదో క్లిప్పు. కుర్చీల్లో పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ, పక్కన ఉదయభాస్కర్. చుట్టాలు వచ్చి నిలబడి వెళుతున్నారు, ఆయన మటుకు లేవలేదు. పన్నెండూ పదిహేను నుంచి పన్నెండూ యాభై అయిదు దాకా అలాగే కూర్చున్నాడు. “పాపం, ఆయనే కెమెరాలోని మెమొరీ కార్డు స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టాడు, అందులోవే ఈ పెన్‌డ్రైవులో ఎక్కించాం. కెమెరా కూడా కావాలా సార్ అన్నాడు. కార్డు తీసేశాక అందులో ఏముంటుంది, ఉత్త డొక్కు, అన్నాను.”

సురేష్‌బాబు టీకి లేచి వెళ్ళాడు. కృపారాణి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకటో నంబరు నుంచి చూడ్డం మొదలెట్టింది. మేళం, మంత్రాలు, పిల్లల ఏడుపులు, తలంబ్రాలు. ఒంటిగంటన్నరకి ఇరవై ఒకటో క్లిప్పులోకి వచ్చింది. అందరూ భోజనాల వైపు వెళుతున్నారు, మేళం ఆగింది. అప్పుడు సన్నగా సైరను మొదలైంది. పైకి లేచింది. చివర్లో దగ్గు తెరలా రెండుసార్లు తెగింది.

ఇదేంటి మళ్ళీ మోగుతోందని హెడ్‌ఫోన్లు తీసి విన్నది. స్టేషన్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పెట్టుకుని వెనక్కి తిప్పింది. సైరను కెమెరాలోనే ఉంది. సి.ఐ. నొక్కిన బటనేదో గుర్తు తెచ్చుకుని నొక్కితే బొమ్మ పెద్దదయింది, ఇంకోటి నొక్కితే ఆగిపోయింది, మూడోది నొక్కితే అంకెలు పడ్డాయి.

పదకొండున్నర.

ఇంకో సంగతి కూడా అప్పుడే కంట్లో పడింది. ఇరవై ఒకటి తర్వాత ఇరవై మూడు ఉంది. ఇరవై రెండు లేదు.

సురేష్‌బాబు తిరిగి రాగానే రెండూ చెప్పింది. ఆయన నవ్వలేదు గానీ, నవ్వినంత పని చేశాడు.

“పెళ్ళిలో సన్నాయి వాడు శ్రుతి చూసుకునుంటాడు. లేదా ఆ రోజు ఫ్యాక్టరీ వాడు ముందే మోగించుంటాడు.”

“ఇందాకేగా టైము తప్పదన్నారు. దాన్ని బట్టే గడియారం కూడా తిప్పుకున్నారు.”

“ఇక నంబరంటారా, నేల బొమ్మో, చెప్పుల బొమ్మో పడుంటుంది, చెరిపేసుంటారు. మా ఇంట్లో కెమెరాలో సగం అవే.” ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. “మేడమ్, మీరు ఉద్యోగం మానేసి ఆరేళ్ళయింది. నా స్టేషన్లో నాకు పాఠాలు చెప్పద్దు. ఐదింటి లోపల చెవులతో విన్నది కాదు, చేత్తో పట్టుకోదగ్గది తెండి. తెస్తే నేనే ఆపుతాను.”

“కెమెరా ఎవరి దగ్గరుంది?”

“పెళ్ళికూతురి మేనమామ గణేష్‌బాబు దగ్గర. వెళ్ళి డొక్కు చూసుకోండి.”

సూర్యకళ గారి ఇంటికి స్టేషను నుంచి స్కూటరు మీద అయిదు నిమిషాలు. పదహారు రోజుల పండగ దాకా పందిరి విప్పరు కాబట్టి ముంగిట్లో అది అలాగే ఉంది. మామిడాకులు మటుకు ఎండి ముడుచుకుపోయాయి. అలికిన నేలలో కెమెరా స్టాండు మూడు కాళ్ళూ దిగిన గుంటలు కనబడుతున్నాయి. కృపారాణి ఆ మూడు గుంటల మధ్య నిలబడి చూసింది. ఎదురుగా పీటలు వేసిన చోటు. పైన ఫ్యాను. దాని వెనక ఇంటి వరండా, ఆ పక్కన వీధి గేటు. నాలుగూ ఒకే చూపులో పడుతున్నాయి.

వరండా వంక ఇంకాస్త సేపు చూసింది. పనిముట్ల సంచి అక్కడే పెట్టాననీ, జేబులో ఉన్న టెస్టరుతోనే నిచ్చెనెక్కాననీ, దిగి చూస్తే సంచి లేదనీ విజయ్ పాల్ చెప్పాడు. ఆ సంచి షెడ్డులో, రాజుగారి పక్కన దొరికింది.

సూర్యకళ గడప దాటి రాలేదు. ఏభై దాటిన మనిషి, కళ్ళ కింద నలుపు.

“కెమెరా పాడైపోయిందండి. బ్యాటరీ లేదు,” అంది.

“ఛార్జరు ఉంటుంది కదమ్మా. గోడకి పెట్టుకుని చూస్తాను.”

“ఉందండి,” అన్నాడు వెనక నుంచి గణేష్‌బాబు. అక్క ఉరిమి చూసేసరికి తల దించుకున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి, అక్క ముందు ఇంకా పదేళ్ళవాడే. కానీ కెమెరా పేరెత్తేసరికి ఊరుకోలేకపోయాడు. లోపలికి వెళ్ళి, మెత్తటి గుడ్డలో చుట్టిన కెమెరా తెచ్చి, ఛార్జరు తీగ గుచ్చి బల్ల మీద పెట్టాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది.

“చెయ్యి ఇలా పట్టీలో దూర్చాలండి. పక్క తెర తెరిస్తే చాలు, అదే ఆన్ అయిపోద్ది. బొటనవేలు కింద ఉన్నది రికార్డింగు బటన్. పైన ఉన్నది జూము. మెల్లిగా నొక్కితే మెల్లిగా దగ్గరికొస్తాది, గట్టిగా నొక్కితే ఉరుకుద్ది. చెయ్యి వణికినా బొమ్మ వణకదండి.” చెబుతుంటే అతని మొహం విప్పారింది. ఆరేళ్ళయింది కొని, ఒక్క గీత పడనివ్వలేదట.

కృపారాణి తీసుకుని తిప్పి చూసింది. తెరలో తన సొంత మోకాళ్ళు కనబడ్డాయి. ఏదో నొక్కింది, టింగుమంది. ఎందుకొచ్చిన గొడవని మళ్ళీ నొక్కి, ఇక ఆగిపోయిందన్న ధైర్యంతో బల్ల మీద పెట్టేసింది.

“గణేష్‌బాబు గారూ, ఒక్క మాట అడుగుతాను. ఇందులో టైము సరిగ్గా ఉంటుందా?”

“ఎందుకుండదండీ. ఫోను పక్కన పెట్టుకుని నేనే సరిచేస్తాను.”

“బుధవారం కూడా సరిగ్గానే ఉందా?”

అతను అక్క వంక చూశాడు. గొంతు పైకీ కిందికీ ఓసారి కదిలింది.

“ఉందండి.”

“అయితే ఐసు ఫ్యాక్టరీ వాడు బుధవారం పదకొండున్నరకే సైరను వేశాడా?”

కృపారాణి కుర్చీ ముందుకి జరుపుకుంది.

“ఇది సన్నాయని సి.ఐ. గారంటారు. సరే, ఆయనిష్టం. కానీ నేను వచ్చేదారిలో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగి వాచ్‌మన్‌ని అడిగాను. పన్నెండేళ్ళలో ఒక్కరోజు కూడా ముందు వెయ్యలేదన్నాడు. అంటే మీ కెమెరా అరగంట వెనక ఉంది. మళ్ళీ అదే కెమెరా తాళి కట్టే టైము ముహూర్తంతో సరిగ్గా కలిపి చూపిస్తోంది. ఊళ్ళో ఎనిమిది మంది కూడా ముహూర్తానికే కట్టారన్నారు. నాకేమీ అర్థం కావట్లేదండి. పొద్దుటి నుంచి బుర్ర పనిచెయ్యట్లేదు. మీరే చెప్పండి.”

గణేష్‌బాబు కళ్ళు తడయ్యాయి. “అక్కా,” అన్నాడు.

“ఒరే గణేశూ, పిల్ల మీద ఒట్టేశావు.”

“ఒట్టేశాను. నిన్న రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. దీవెన ఆ బెంచీ మీద కూర్చునుంటే ఆ దారిన వెళ్ళలేక చుట్టూ తిరిగి వస్తున్నాను.”

సూర్యకళ అక్కడే గుమ్మానికి ఆనుకుని కూలబడింది. తర్వాత తనే చెప్పడం మొదలెట్టింది.

పెళ్ళివారిది రాజమండ్రి. ధవళేశ్వరం బ్యారేజి మీద లారీ ఆగిపోయి, వాళ్ళ బస్సు అక్కడే నిలబడిపోయింది. ముహూర్తం దాటింది. పదకొండు దాటాక వర్జ్యం. తాళి కట్టింది పదకొండూ పన్నెండుకి. పెళ్ళికొడుకు నాయనమ్మ శ్యామలాంబ గారు మోకాళ్ళ నొప్పులతో రాలేదు, ముహూర్తం పెట్టింది ఆవిడే. వీడియో వచ్చాక పంచాంగం పక్కన పెట్టుకుని, అడుగున అంకెలు వేయించుకుని చూస్తానని ముందే చెప్పి పంపింది. ఆ ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు. వర్జ్యంలో తాళి పడిందని తెలిస్తే, రేపు ఆ ఇంట్లో ఎవరికి తుమ్మొచ్చినా కొత్తకోడలు దేవిశ్రీ పాదమే అంటారు.

“అందుకని ఇంకా పీటల మీద కూర్చోక ముందే గడియారం అరగంట వెనక్కి తిప్పానండి,” అన్నాడు గణేష్‌బాబు. “తాళి కాగానే సరిచేద్దామనుకున్నాను. మరి మధ్యలో అరగంట దూకితే ఆవిడకి తెలిసిపోదాండీ. అందుకే రోజంతా అలాగే ఉంచి, రాత్రి ఇంటికెళ్ళాక తిప్పాను.”

“మరి ఆ ఎనిమిది మంది?”

“చుట్టాలండి. పెళ్ళి ముహూర్తానికి జరిగిందా అని పోలీసులడిగితే, జరగలేదని ఎవరంటారండీ? నలుగురిలో ఆ మాట నోటితో అనకూడదు. ముహూర్తానికే అంటారు. ఆ తర్వాత ఫ్యాను ఎప్పుడాగిందంటే, తాళి కట్టిన గంటకి పైనే అంటారు. అది నిజమే కదండి.”

కృపారాణి నోటు పుస్తకం తీసి, ప్రతి టైముకీ అరగంట కలిపింది. చెయ్యి దానంతటదే నడిచింది. ఫ్యాను పన్నెండూ ఇరవై. అంటే రాజుగారి తల పగిలిన నిమిషాన విజయ్ పాల్ నిచ్చెన మీద, నోట్లో టెస్టరుతో, యాభై మంది కళ్ళెదుట ఉన్నాడు.

“ఇది నేను కోర్టులో చెప్పను,” అంది సూర్యకళ. “మీరు ఎక్కడ చెప్పినా మేం అనలేదంటాం. నాకున్నది ఒక్కతే పిల్ల.”

“దీవెనకి కూడా ఒక్కడే మొగుడమ్మా.”

గణేష్‌బాబు బల్ల మీదకి వంగి చూస్తున్నాడు.

“మేడమ్, ఇందాక మీరు ఆపేశారనుకున్నారా?”

“ఆపానుగా.”

“అప్పుడే మొదలెట్టారండి. ఎర్ర దీపం చూడండి. మొదటిసారి నొక్కితే రికార్డింగు ఆగింది, తెర తెరిచినప్పుడు నా వేలు తగిలి మొదలైనట్టుంది. రెండోసారి నొక్కి మళ్ళీ మొదలెట్టారు. ఇప్పటిదాకా మనం అన్నదంతా ఇందులో ఉంది.” కొంచెం ఆగి మెల్లిగా అన్నాడు. “అందరూ చేసే తప్పేనండి.”

సూర్యకళ రెండు చేతులతో మొహం కప్పుకుంది. కృపారాణికి సిగ్గేసింది. దొంగచాటుగా మాట పట్టడం ఆవిడ పద్ధతి కాదు.

“చెరిపెయ్యమంటే ఇప్పుడే చెరిపించేస్తానమ్మా. మీరే ఆలోచించుకోండి.” అని గణేష్‌బాబు వైపు తిరిగింది. “అయ్యా, చెరిపేయడమంటే గుర్తొచ్చింది. ఇరవై రెండో నంబరు మీరే తీసేశారా?”

“లేదండి. నేను ఒక్కటి కూడా తియ్యలేదు. పెళ్ళి సాయంత్రం మా బావ, అదే ఉదయభాస్కర్ బావ, కార్డు అడిగాడు. పోలీసులకి తనే ఇస్తానన్నాడు. ఇచ్చాను.”

“అయితే అది పోయినట్టేనా?”

గణేష్‌బాబు తల అడ్డంగా ఊపాడు. మొహంలో మళ్ళీ ఆ గర్వం తొంగిచూసింది. “కార్డు ఒక్కదాన్నే నమ్మనండి నేను. ఓసారి మా పెదనాన్న గారి సహస్ర చంద్ర దర్శనం అంతా కార్డు చెడిపోయి పోయింది. అప్పట్నుంచి కార్డులోనూ, కెమెరా కడుపులో ఉండే మెమొరీలోనూ రెండింట్లో ఒకేసారి పడేట్టు పెట్టుకున్నాను. కార్డు తీసేసినా లోపలిది లోపలే ఉంటాది. అడిగేవాళ్ళు లేక చెప్పలేదు.”

డొక్కు అన్నాడుగా సురేష్‌బాబు. కృపారాణికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

గణేష్‌బాబు తెర మీద వేలితో రెండు మూడు చోట్ల తాకాడు. చిన్నచిన్న బొమ్మలు వరసగా పడ్డాయి. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. తాకాడు. అడుగున టైము పదకొండూ ముప్పై ఆరు. అరగంట కలిపితే పన్నెండూ ఆరు.

తెరలో ఖాళీ పీటలు, అక్షింతలు ఏరుకుంటున్న ఇద్దరు పిల్లలు. వెనక గేటు దగ్గర ఎవరో పసుపు నీళ్ళలో ముంచిన పెళ్ళి పంచెతోనే బండెక్కుతున్నాడు. మొహం అటు తిరిగి ఉంది.

“ఆపి, దగ్గరికి తేగలరా?”

“తేవచ్చండి. మంచి క్లారిటీ ఇది.” అతను బొమ్మని ఆపి, జూము మెల్లిగా నొక్కాడు. గేటు దగ్గరికొచ్చింది. బండి హ్యాండిలుకి తగిలించిన నీలం సంచి దగ్గరికొచ్చింది. సంచి మీద తెల్ల పెయింటుతో రాసిన వి.పి. అనే అక్షరాలు కూడా కనబడ్డాయి. బొమ్మని మళ్ళీ నడిపించేసరికి బండి మీది మనిషి వరండా వంక తిరిగి చూశాడు.

గణేష్‌బాబు వేలు బటన్ మీదే ఉండిపోయింది. “బావ,” అన్నాడు.

ఇప్పుడు అన్నీ వరసలో పడ్డాయి. పన్నెండూ ఆరుకి బయల్దేరి, ఇరవైకి కొట్టి, పన్నెండూ నలభై అయిదుకల్లా, అంటే కెమెరా పన్నెండూ పదిహేను చూపించేసరికి, తిరిగొచ్చి దాని ముందు కూర్చున్నాడు. గడియారం వెనక్కి తిప్పిన సంగతి ఇంట్లో మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది.

“ఆ ఉపాయం చెప్పిందే మా మరిది,” అంది సూర్యకళ, ఎవరూ అడక్కుండానే. “ఆ పొద్దున్నే రాజుగారు ఆయన్ని పక్కకి పిలిచి గట్టిగా మాట్లాడారు. చెరువులో వాడకూడని మందు కలుపుతున్నావు, రేపే సరుకు కొనేవాళ్ళకి చెప్పేస్తాను అన్నారు. నేను విన్నాను. పెళ్ళి రోజు కదా అని ఊరుకున్నాను.”

“ఆయనిప్పుడు ఎక్కడున్నారు?”

“ఆస్పత్రిలో. రాజుగారు మధ్యాహ్నం కళ్ళు తెరిచారట. వాళ్ళావిడ మూడు రోజులుగా నిద్ర లేక తూలిపోతోందని ఇంటికి పంపేసి, తనే పక్కన కూర్చున్నాడు. మీరు వస్తారు, కెమెరా చూపించద్దని అరగంట కిందటే ఫోను చేశాడు. సి.ఐ. గారు చెప్పారట.”

కృపారాణి అప్పటికే సురేష్‌బాబుకి ఫోను కలిపింది. చెప్పాల్సినదంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. “నమ్మకపోతే పెళ్ళికొచ్చిన ఎవరి ఫోన్లోనైనా తాళి కట్టే ఫొటో టైము చూసుకోండి. ముందు ఆస్పత్రి సంగతి చెప్పండి. గది దగ్గర మీ కానిస్టేబులు ఉన్నాడా?”



“పొద్దున్నే తీసేశానండి,” అన్నాడు సురేష్‌బాబు. ఆయన ఆవిణ్ణి అండి అనడం అదే మొదలు. “నేరస్తుడు దొరికేశాడు కదా అని... బయల్దేరుతున్నాను.”

భీమవరం తొమ్మిది కిలోమీటర్లు. జీపు ఎంత తొక్కినా పావుగంట పడుతుంది. కృపారాణి వెంటనే ఆస్పత్రి నంబరుకి చేసింది, రింగయి రింగయి ఆగిపోయింది. మళ్ళీ చెయ్యబోతుంటే సూర్యకళ చేతిలో ఫోను మోగింది. ఆవిడ తెర వంక చూసి, కృపారాణి వంక చూసి, స్పీకరు పెట్టింది.

“వదినా,” అన్నాడు ఉదయభాస్కర్. గొంతు మెల్లిగా, ఇంట్లో మనిషిలా ఉంది. “ఆవిడ వెళ్ళిపోయిందా? ఇక్కడ నర్సు కూడా భోజనానికెళ్ళింది. రాజుగారు నా వైపే చూస్తూ పడుకున్నారు.”

సూర్యకళ కళ్ళు మూసుకుని తెరిచింది.

“వెళ్ళింది గానీ మళ్ళీ వస్తుంది. కెమెరా లోపల ఇంకో మెమొరీ ఉందట. అందులో నువ్వు సంచితో బండెక్కడం చూసేసింది. ఐదింటికి కోర్టుకి పట్టుకెళతానంది. గణేశు ఇచ్చేస్తానంటుంటే నేనే లాక్కుని బియ్యం డబ్బాలో దాచాను. నా వల్ల కాదు. నువ్వే వచ్చి ఏం చేసుకుంటావో చేసుకో. ఇప్పుడే రా.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

“ఎవరికీ ఇవ్వకు వదినా. పావుగంటలో అక్కడుంటాను.”

ఫోను పెట్టేశాక సూర్యకళ గోడకి చేరబడింది. కృపారాణి సురేష్‌బాబుకి మళ్ళీ చేసింది. ఎంగేజి. ఇంకోసారి చేసింది. ఎంగేజి. జీపు అటు ఆస్పత్రికి ఉరుకుతోంది, ఉదయభాస్కర్ ఇటు వస్తున్నాడు, ఇద్దరూ ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా దాటిపోతారు. ఇంట్లో ఉన్నది ఇద్దరాడవాళ్ళూ, ఓ కెమెరా మనిషీ.

“ఇందాక మీరు తీసింది చెరపద్దులెండి,” అంది సూర్యకళ. “శ్యామలాంబ గారికి నేనే వెళ్ళి చెప్పుకుంటాను.”

కృపారాణి తల ఊపి, గణేష్‌బాబు వైపు తిరిగింది. “ఆ ఎర్ర దీపం ఈసారి కావాలనే వెలిగించండి. గుమ్మం కనబడేట్టు పెట్టండి.”

గణేష్‌బాబు కెమెరాని అల్మారా మీద చీరల మధ్య సర్ది, గుమ్మం పడుతోందో లేదో తెరలో చూసుకున్నాడు. బటన్ నొక్కబోయి ఆగి, జేబులోంచి ఫోను తీసి పక్కన పెట్టాడు. కెమెరాలో రెండూ నలభై. ఫోన్లోనూ రెండూ నలభై. అప్పుడు నొక్కాడు.